గాలి మారిందా... గాలివాటమా?

చలికాలం రాగానే గాలి నాణ్యత అంకెలు పత్రికల మొదటి పేజీకి ఎక్కుతాయి. వానలు మొదలవగానే లోపలి పేజీల్లోకి జారుకుంటాయి. ఈ మధ్యలో ఎప్పుడో ఒక ప్రకటన వస్తుంది: ‘మేం తీసుకున్న చర్యల ఫలితంగా నగరంలో ధూళి కణాలు ఇంత శాతం తగ్గాయి’ అని. తగ్గితే సంతోషమే. అయితే ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లలో, గుండెకు స్టెంటు వేయించుకున్న పెద్దలో ఉన్నవాళ్లం ఇంకో మాట కూడా అడగాలి. తగ్గింది ఆ చర్యల వల్లా, ఆ ఏడు నాలుగు వానలు ఎక్కువ పడటం వల్లా? చర్యల వల్లయితే ఫలితం వచ్చే ఏడూ నిలుస్తుంది. వానల వల్లయితే అది గాలివాటం.

ఈ తేడా తేల్చుకోకపోతే ఏమవుతుందో దిల్లీ చూపించింది. 2016 జనవరి 1 నుంచి 15 దాకా అక్కడ సరి-బేసి పద్ధతిలో కార్లు తిప్పారు. ఆ పక్షం రోజుల్లో గాలి బాగుపడిందని కొందరు, ఏమీ మారలేదని కొందరు వాదించుకున్నారు. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నవి కొలత కేంద్రాల అంకెలే! చిక్కేమిటంటే, జనవరిలో దిల్లీ గాలి ఏ రోజు ఎలా ఉండాలో ఎక్కువగా వాతావరణమే నిర్ణయిస్తుంది. గాలి కాస్త జోరుగా వీచిన రోజున కార్లన్నీ రోడ్డెక్కినా కాలుష్యం తగ్గుతుంది. గాలి స్తంభించి, పొగమంచు పట్టిన రోజున సగం కార్లు ఆపినా పెరుగుతుంది. కొలత కేంద్రం జరిగింది చెబుతుంది. ఆ చర్య తీసుకోకపోయి ఉంటే ఏం జరిగేదో చెప్పలేదు. ఒక విధానం పనిచేసిందా లేదా అన్నది తేల్చాలంటే ఆ రెండో సంగతే కావాలి. అందుకే కంప్యూటర్ మోడళ్లు వచ్చాయి. అదే వాతావరణం, అవే తేదీలు పెట్టి లెక్కను రెండుసార్లు నడుపుతారు. ఒకసారి చర్యతో, ఒకసారి చర్య లేకుండా. రెండింటికీ మధ్య తేడాయే ఆ చర్య సాధించిన ఫలితం.

అగరబత్తి లెక్క

మోడల్ అనగానే అదేదో మనకు అంతుపట్టని వ్యవహారం అనిపిస్తుంది. పూజగది నుంచి మొదలుపెడితే అంత కష్టం కాదు. గదిలో పొగ ఎంత ఉంటుందన్నది మూడింటిని బట్టి తేలుతుంది: ఎన్ని అగరబత్తీలు వెలిగించారు, గది ఎంత పెద్దది, కిటికీలోంచి గాలి ఎంత ఆడుతోంది. ఈ మూడూ తెలిస్తే గదిలోకి వెళ్లకుండానే పొగ ఎంత ఉందో సుమారుగా చెప్పొచ్చు. రెండు అగరబత్తీలు తీసేస్తే ఎంత తగ్గుతుందో, కిటికీ మూసేస్తే ఎంత పెరుగుతుందో కూడా ముందే చెప్పొచ్చు. అంతే, మోడల్ అంటే అదే.

నగరం కూడా ఒక గదే. అగరబత్తీల స్థానంలో బస్సులు, లారీలు, ఫ్యాక్టరీ పొగగొట్టాలు, ఇటుక బట్టీలు, తగలబడుతున్న చెత్తకుప్పలు, డీజిల్ జనరేటర్లు ఉంటాయి. కిటికీ బదులు గాలి వేగం. ఇక నగరానికి పైకప్పు కూడా ఉంది. మన ఇంటి పైకప్పులా కాకుండా అది పగలు పైకి లేస్తుంది, రాత్రి కిందికి దిగుతుంది. ఎండకు నేల వేడెక్కితే గాలి పైకి ఎగిసి, పొగ కిలోమీటరుకు పైగా ఎత్తు వరకు కలిసిపోతుంది. చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడి, పైనున్న వెచ్చటి పొర మూత పెట్టినట్టు కూర్చుంటుంది. అప్పుడు అదే పొగ కొన్ని వందల మీటర్లలోనే, ఒక్కోసారి అంతకన్నా తక్కువలోనే ఇరుక్కుంటుంది. భోగి మంటల పొగ తెల్లవారుజామున వీధిలోనే ఎందుకు తచ్చాడుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. అవే కట్టెలు మధ్యాహ్నం రెండింటికి కాలిస్తే అంత ఇబ్బంది ఉండదు. (మధ్యాహ్నం భోగి మంట వేయమని ఎవరికీ సలహా ఇవ్వడం లేదు లెండి!)

ఇంత చిన్న లెక్క కూడా కోట్ల రూపాయల ఖర్చును ఆపగలదు. దిల్లీలో కన్నాట్ ప్లేస్ దగ్గర 2021 ఆగస్టులో స్మాగ్ టవర్ ప్రారంభించారు. 24 మీటర్ల ఎత్తున్న ఆ గోపురం సెకనుకు 1,000 ఘనపు మీటర్ల గాలిని శుభ్రం చేస్తుందని చెప్పారు. వినడానికి పెద్ద అంకె. కాగితం మీద భాగహారం చేసి చూద్దాం. దిల్లీ విస్తీర్ణం 1,483 చదరపు కిలోమీటర్లు. పైకప్పు ఎత్తు 500 మీటర్లే అనుకుందాం. అంటే ఊరి మీదున్న గాలి 74 వేల కోట్ల ఘనపు మీటర్లు. టవర్ రాత్రింబవళ్లు ఆగకుండా నడిస్తే రోజుకు 8 కోట్ల 64 లక్షల ఘనపు మీటర్లు శుభ్రం చేస్తుంది. ఊరి గాలిని ఒక్కసారి కడగడానికి సుమారు 8,580 రోజులు, అంటే 23 ఏళ్లకు పైనే పడుతుంది. అదీ ఈ 23 ఏళ్లూ బయటి నుంచి కొత్త గాలి రాకుండా, ఊళ్లో ఎవరూ పొయ్యి కూడా వెలిగించకుండా ఉంటేనే! ఈ భాగహారానికి సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు. పునాది తవ్వకముందు ఎవరో ఒకరు లెక్క వేసి, ఆ కాగితం అందరికీ కనిపించేలా పెడితే సరిపోయేది.

కళ్లకు కనిపించనిది

అగరబత్తి పొగ అగరబత్తి పొగగానే ఉంటుంది. నగరం మీద గాలి అలా ఉండదు, అదొక రసాయనశాల. అందుకే అసలైన మోడళ్లు పెద్దవి. అవి ఒక ప్రాంతాన్ని చిన్న చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడిలో గంటగంటకూ ఎంత పొగ పుట్టింది, ఎటు కదిలింది, ఎండకు దేనితో కలిసి ఏమైంది, వానకు ఎంత రాలింది అని లెక్కిస్తూ పోతాయి.

రసాయనం ఎంత విచిత్రంగా ప్రవర్తిస్తుందో 2020 లాక్‌డౌన్‌లో చూశాం. మార్చి 25 నుంచి రోడ్లు బోసిపోయాయి. ధూళి కణాలు బాగా తగ్గాయి కానీ సున్నా కాలేదు. వాహనాలు మాత్రమే దోషులైతే అవీ పోవాలి కదా? పైగా చాలాచోట్ల ఓజోన్ పెరిగింది. వాహనాల పొగలోని నైట్రిక్ ఆక్సైడు మామూలుగా ఓజోన్‌ను కొంత తినేస్తుంటుంది. అది తగ్గేసరికి ఓజోన్‌కు పట్టపగ్గాలు లేకపోయాయి. ఓజోన్ ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఉబ్బసం ఉన్నవారికి మరీ కాదు. ఒక కాలుష్యాన్ని తగ్గించబోయి ఇంకొకదాన్ని పెంచే ప్రమాదం ఉంటుందని ముందుగా చెప్పగలిగేది మోడలే.

ఇంతకన్నా మనకు దగ్గరి విషయం థర్మల్ విద్యుత్ కేంద్రాలది. బొగ్గు మండితే సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వస్తుంది. అది గాలిలో ప్రయాణిస్తూ, అమ్మోనియాతో కలిసి సల్ఫేటు కణాలుగా మారుతుంది. ఆ కణాలు పీఎం 2.5, అంటే రెండున్నర మైక్రాన్లకు మించని సూక్ష్మ ధూళి. ఇవి ముక్కు వెంట్రుకలకు చిక్కవు, ఊపిరితిత్తుల అడుగుకు వెళ్లి కూర్చుంటాయి. ఈ మార్పుకు గంటలు, రోజులు పడుతుంది. ఈలోగా గాలి వందల కిలోమీటర్లు పోతుంది. అందువల్ల పొగగొట్టం పక్కన పెట్టిన మీటరు ‘సల్ఫర్ డయాక్సైడ్ పరిమితిలోనే ఉంది’ అని నిజమే చెబుతుంది. ఆ పొగ మరో జిల్లాలో ఎవరి ఊపిరితిత్తుల్లో సల్ఫేటుగా దిగిందో దానికి తెలియదు.

ఈ వాయువును పట్టి ఉంచే పరికరాలు అమర్చుకోవాలన్న నిబంధన 2015 డిసెంబరులో వచ్చింది. గడువులు జరుగుతూ జరుగుతూ 2025 జులైకి వచ్చేసరికి, దేశంలోని సుమారు 78 శాతం యూనిట్లకు ఆ పరికరాలే అక్కర్లేదని కేంద్ర పర్యావరణ శాఖ తేల్చింది. మన బొగ్గులో గంధకం తక్కువని, చాలాచోట్ల ఆ వాయువు పరిమితిలోనే ఉందని, ఖర్చు ఎక్కువని ప్రభుత్వ వాదన. పొగగొట్టం దగ్గర కాదు, గాలివాలున చూడండి అన్నది అవతలి వాదన. రెండు వైపులా శాస్త్రవేత్తలున్నారు, రెండు వైపులా లెక్కలున్నాయి. ఆ లెక్కలను పక్కపక్కన పెట్టి ఏ అంకె దగ్గర దారులు చీలాయో జనానికి చూపించకపోవడమే అసలు లోపం అని ఈ పేజీ అభిప్రాయం. పరవాడ, ఇబ్రహీంపట్నం, కృష్ణపట్నం, పాల్వంచ, రామగుండం... మన చుట్టూ ఉన్న పేర్లే ఇవి. చలికాలంలో ఈశాన్య గాలి వీచిన రోజున పటం మీద రామగుండం నుంచి నైరుతికి గీత గీస్తే అది హైదరాబాద్ వైపు వస్తుంది. ఆ దారిలో ఎంత పొగ రాలిపోతుంది, ఎంత సల్ఫేటుగా మారుతుంది, ఎంత మన దాకా చేరుతుంది? స్కేలు, పెన్సిలుతో అది తేలదు.

గాలి నుంచి ఒంట్లోకి

గాలిలో ఎన్ని మైక్రోగ్రాములు తగ్గాయన్నది ఇంజినీర్ల ప్రశ్న. ఎన్ని గుండెపోట్లు తప్పాయన్నది మన ప్రశ్న. మోడల్‌లో చివరి అంకం ఇదే. కాలుష్యం ఇంత తగ్గితే జబ్బులు, మరణాలు ఇంత తగ్గుతాయన్న సంబంధాన్ని దశాబ్దాల వైద్య పరిశోధన నుంచి తీసుకుంటారు. అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు ఆరు పట్టణాల వారిని ఏళ్ల తరబడి గమనించి 1993లో ఫలితాలు ప్రకటించారు. అన్నిటికన్నా మురికి గాలి ఉన్న పట్టణంలో మరణాల రేటు, శుభ్రమైన పట్టణంతో పోలిస్తే 26 శాతం ఎక్కువ. పొగతాగే అలవాటు, వయసు వంటి తేడాలు సరిచూశాక కూడా అంత.

‘అది అమెరికా లెక్క, మనకు వర్తిస్తుందా?’ అని మన దగ్గర చాలాకాలం తప్పించుకున్నారు. ఇప్పుడు మన లెక్కలే ఉన్నాయి. 2009 నుంచి 2019 వరకు దేశంలోని 655 జిల్లాల సమాచారంతో చేసిన అధ్యయనం 2024 డిసెంబరులో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చింది. ఏడాది సగటున పీఎం 2.5 ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు పెరిగితే మరణాలు 8.6 శాతం పెరుగుతున్నాయని అది చెప్పింది. అదే ఏడాది జులైలో హైదరాబాద్ సహా 10 నగరాల మీద వచ్చిన మరో అధ్యయనం, ఆ ఊళ్లలో రోజువారీ మరణాల్లో 7.2 శాతానికి కారణం ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన స్థాయిని మించిన సూక్ష్మ ధూళేనని లెక్కగట్టింది. ఇందులో బెంగళూరు సంగతి చూడండి. దిల్లీ కంటే గాలి ఎంతో మెరుగు. అయినా కాలుష్యం కొంచెం పెరిగితే మరణాలు పెరిగే తీరు అక్కడే ఎక్కువ. మా ఊళ్లో గాలి దిల్లీ అంత పాడు కాలేదులే అని నిశ్చింతగా ఉండటానికి లేదన్నమాట.

పల్లెల్లో కొలత కేంద్రాలే ఉండవు. మరి అక్కడివారి సంగతి? హైదరాబాద్‌కు చేరువలోని 28 ఊళ్లలో 3,717 మంది మీద జరిగిన ఒక అధ్యయనం 2020లో వచ్చింది. ఊరి భూ వినియోగం, రోడ్లు వంటి వివరాలతో ప్రత్యేకంగా మోడల్ తయారుచేసి, ఎవరి ఇంటి దగ్గర గాలి ఎలా ఉంటుందో అంచనా వేశారు. తర్వాత వాళ్ల ఎముకల సాంద్రత కొలిచారు. గాలిలో సూక్ష్మ ధూళి ఎక్కువ ఉన్నచోట ఉండేవారి ఎముకల్లో ఖనిజాలు తక్కువగా కనిపించాయి. కాలుష్యమంటే దగ్గు, ఆయాసం అనుకుంటాం. మన పక్క ఊళ్ల జనం నడుము ఎముక, తుంటి ఎముక కూడా ఆ లెక్కలోకి వచ్చాయని ఎంతమందికి తెలుసు?

ఖర్చు ఒకవైపు, జబ్బు ఒకవైపు

ఇప్పుడు డబ్బు సంగతి. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019 జనవరిలో మొదలైంది. ఇందులో 131 నగరాలున్నాయి. తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి. ఆంధ్రప్రదేశ్ నుంచి విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు సహా 13 పట్టణాలు. 2017తో పోల్చి 2024 నాటికి ధూళి కణాలు 20 నుంచి 30 శాతం తగ్గించాలన్నది తొలి లక్ష్యం. తర్వాత 2025-26 నాటికి 40 శాతం అన్నారు. నగరాల పనితీరును పీఎం 10తో, అంటే కాస్త లావు ధూళితో కొలుస్తూ వచ్చారు. ఏది కొలిస్తే దాని మీదే ఖర్చవుతుంది. దిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క తీస్తే, ఈ నిధుల్లో 64 శాతం రోడ్ల దుమ్ము అణచడానికే పోయింది. వాహనాల పొగకు 12.63 శాతం. పరిశ్రమల కాలుష్యానికి... 0.61 శాతం. అచ్చుతప్పు కాదు, ఒక శాతం కూడా లేదు.

దీని పక్కన మోడల్ చెప్పింది పెట్టి చూద్దాం. ఐఐటీ బొంబాయి, అమెరికాలోని హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ తదితర సంస్థలు కలిసి భారతదేశం మొత్తానికీ ఏ పొగ వల్ల ఎంత ప్రాణనష్టమో లెక్కించి 2018లో నివేదిక ఇచ్చాయి. 2015 సంవత్సరానికి సూక్ష్మ ధూళి మరణాల్లో ఇళ్లలో కట్టెలు, పిడకలు కాల్చడం వాటా దాదాపు పాతిక శాతం, అంటే 2,67,700 మరణాలు. బొగ్గు వాటా 15 శాతానికి పైన. మనుషుల పనుల వల్ల లేచే దుమ్ము వాటా 9 శాతం. ఇది దేశం మొత్తానికి సగటు, మీ వీధికి ఇదే వాటా ఉండాలని లేదు. నగరంలో దుమ్ము వాటా ఇంకాస్త ఉండొచ్చు. అయినా నూటికి 64 రూపాయలు పోసిన చోటికీ, ప్రాణాలు పోతున్న చోటికీ ఇంత దూరం ఉన్నప్పుడు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. పొయ్యిలో పొగ వస్తుంటే వంటింటి గచ్చు తడిగుడ్డతో తుడిచినట్టుంది యవ్వారం. గచ్చు తుడవడం తప్పు కాదు, కానీ అమ్మ దగ్గు అందువల్ల తగ్గదు.

హైదరాబాద్‌కు ఇలాంటి లెక్క కొత్తేమీ కాదు. 2010ని ఆధారం చేసుకుని గ్రేటర్ ప్రాంతాన్ని దాదాపు కిలోమీటరు గళ్లుగా విడగొట్టి, వాహనాలు, పరిశ్రమలు, జనరేటర్లు, చెత్త మంటలు అన్నిటి పొగనూ ఆ గళ్లలో నింపి చేసిన అధ్యయనం 2014లో అచ్చయింది. ఏడాదికి 3,700 అకాల మరణాలు, 2,80,000 ఉబ్బసం దాడులు అని అది అంచనా వేసింది. అప్పటికింకా మెట్రో రైలు రాలేదు. ఇలాంటి పట్టికను రెండు మూడేళ్లకోసారి తిరగరాసి, ఏ పనికి ఎన్ని ప్రాణాలు దక్కుతాయో వరుసగా రాసి, ఆ వరుసలోనే టెండర్లు పిలిస్తే ఎలా ఉంటుంది? వింత కోరికేమీ కాదు. ఇంట్లో నెల జీతం ఖర్చు పెట్టేటప్పుడు మనం చేసేదే.

యూరప్ దేశాలు అలాగే చేశాయి. ఒక దేశపు పొగ ఇంకో దేశంలో ఆమ్ల వర్షమై కురుస్తుంటే, 1985లో హెల్సింకిలో కూర్చుని గంధకం పొగను అందరూ సమానంగా 30 శాతం తగ్గించుకోవాలని ఒప్పందం రాసుకున్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఎక్కడ తగ్గిస్తే ఏ అడవి, ఏ చెరువు బతుకుతుందన్న లెక్క అందులో లేదు. వియన్నా పక్కన లాక్సెన్‌బర్గ్‌లో ఉన్న ఐఐఏఎస్ఏ అనే పరిశోధన సంస్థ ‘రెయిన్స్’ అనే మోడల్ తయారు చేసింది. 1994లో ఓస్లోలో రెండో ఒప్పందం రాసేటప్పటికి ఆ మోడలే బల్ల మీద ఉంది. ఈసారి ఒక్కో దేశానికి ఒక్కో వాటా. తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు జరిగేచోట ఎక్కువ తగ్గింపు. ఒకరినొకరు నమ్మని దేశాలు కూడా ఒకే లెక్కను ఒప్పుకోగలిగాయంటే కారణం, దానిలోకి వెళ్లిన అంకెలు అందరూ చూసుకునే వీలుండటమే. మనం 131 ఊళ్లకూ కలిపి 40 శాతం అని ఒకే గీత గీశాం. చుట్టూ కొండలు, ఒకవైపు సముద్రం, పగలు ఒడ్డుకు, రాత్రి సముద్రం మీదికి వీచే గాలి ఉన్న విశాఖకూ, మైదానంలో ఉన్న కర్నూలుకూ ఒకే మందు ఎలా పనిచేస్తుంది?

అమెరికాలో అయితే ఇలాంటి బేరీజు చట్టంలోనే రాసుకున్నారు. 1990లో సవరించిన స్వచ్ఛ వాయు చట్టం ఖర్చెంత, లాభమెంత అని అక్కడి పర్యావరణ సంస్థ 2011లో నివేదిక ఇచ్చింది. సవరణలు ఉన్న అమెరికా, లేని అమెరికా అని రెండు దేశాలను కంప్యూటర్‌లో నడిపి చూశారు. 2020 నాటికి ఏటా ఖర్చు సుమారు 6,500 కోట్ల డాలర్లు, లాభం సుమారు 2 లక్షల కోట్ల డాలర్లు, తప్పే అకాల మరణాలు 2,30,000 అని తేలింది. కాలుష్య నియంత్రణ అంటే పరిశ్రమల మీద భారం అని మన దగ్గర తేలిగ్గా అనేస్తారు. ఆసుపత్రి బిల్లు ఎవరు కడుతున్నారో లెక్కలో వేయకపోతే అలాగే అనిపిస్తుంది.

మోడల్‌నూ ప్రశ్నించాలి

ఇంత చెప్పాక, మోడల్ చెప్పిందల్లా వేదం అని ఎవరైనా అనుకుంటే అదీ పొరపాటే. దానిలో పోసిన అంకెలు తప్పయితే జవాబూ తప్పే. యూరప్‌లో డీజిల్ కార్ల ప్రమాణాలు కఠినం చేస్తూ పోతే నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయని మోడళ్లు లెక్కగట్టాయి. ఊళ్లలో అనుకున్నంతగా తగ్గలేదు. ప్రయోగశాల పరీక్షలో ఒక రకంగా, రోడ్డు మీద ఇంకో రకంగా పొగ వదిలే కార్లున్నాయని, పరీక్షను గుర్తుపట్టి మోసం చేసే సాఫ్ట్‌వేర్‌నే వోక్స్‌వ్యాగన్ పెట్టిందని 2015లో బయటపడింది. దిల్లీలో ఏ రోజు కాలుష్యంలో ఎవరి వాటా ఎంతో చెప్పే వ్యవస్థను పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ నడుపుతోంది. 2024 చలికాలంలో దాని కచ్చితత్వం మీద అనుమానాలు వచ్చి కొన్ని రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టారు. పొగ లెక్కల పట్టిక పాతదన్నది వచ్చిన విమర్శల్లో ఒకటి. పట్టిక పాతదైతే కొత్తది రాయాలి. అద్దంలో ముఖం బాగాలేదని అద్దం మీద గుడ్డ కప్పితే ఏం లాభం?

మోడల్ నిజం చెబుతోందా అని సరిచూసుకోవడానికి కొలత కేంద్రాలే దిక్కు. అది చెప్పిన అంకె, కేంద్రం కొలిచిన అంకె దగ్గరగా ఉన్నాయా అన్నది మొదటి పరీక్ష. ‘మోడల్ ఉంటే మీటర్లు ఎందుకు?’ అన్నా, ‘మీటర్లు ఉండగా మోడల్ ఎందుకు?’ అన్నా ఒకటే. రక్తపరీక్ష ఉండగా డాక్టరెందుకు అన్నట్టు.

ఇదంతా నిపుణుల గొడవ, మనమేం చేయగలం అనుకోనక్కర్లేదు. మోడల్ లెక్క సామాన్యుడి ముందుకు వచ్చే సందర్భం ఒకటి ఇప్పటికే చట్టంలో ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం, పెద్ద పరిశ్రమల్లో చాలావాటికి అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. నివేదిక సారాంశం తెలుగులోనూ ఇవ్వాలి. చాలామంది ఉద్యోగాల హామీ దగ్గరే ఆగిపోతారు. గాలి గురించిన అధ్యాయం తిప్పి చూడండి. కొత్త పొగగొట్టం వల్ల ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎన్ని మైక్రోగ్రాములు పెరుగుతాయో మోడల్ వేసిన అంచనా అక్కడ ఉంటుంది.

అక్కడ అడగాల్సినవి ఉన్నాయి. గాలి కొలిచింది ఏ నెలల్లో? సాధారణంగా వానాకాలం కాని ఒక్క సీజన్ కొలిచి సరిపెడతారు. అది చలికాలమా, గాలి జోరుగా వీచే వేసవా? చుట్టుపక్కల రాబోతున్న మిగతా ఫ్యాక్టరీల పొగ కూడా కలిపారా, ఈ ఒక్కదానిదేనా? నేరుగా వెలువడే ధూళి మాత్రమే లెక్కించారా, గాలిలో పుట్టే సల్ఫేటు, నైట్రేటు కణాలను కూడా పట్టించుకున్నారా? లారీల పొగ ఎక్కడ? ఎన్ని కిలోమీటర్ల దాకా చూశారు, పదేనా? ఈ ప్రశ్నలు వేయడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు, మైకు చేతికొస్తే చాలు. అడిగిన ప్రతి ప్రశ్నా, వచ్చిన జవాబూ సేకరణ మినిట్స్‌లో నమోదు కావాలి. ఆ అధ్యాయంలోనే గాలి ఏ వైపు నుంచి ఎక్కువగా వీస్తుందో చూపే పూరేకుల లాంటి బొమ్మ ఒకటి, అత్యధిక కాలుష్యం పడే చోటు ఎంత దూరంలో ఉందో చెప్పే పట్టిక ఒకటి ఉంటాయి. ఆ దిక్కున, అంత దూరంలో మీ పిల్లల బడి ఉందేమో చూసుకోండి.